మూడో గదిలో అమ్మ

ప్రతి నెలా మా ముగ్గురు పిల్లల పేరెంట్స్ మీటింగులూ ఒకే గంటకి పెడతారు. మనం వెళ్లలేని గదికి బడివాళ్లే మన నీడను పంపుతారు. అది మన గొంతుతోనే మాట్లాడుతుంది. పెద్దవాడి గదికి నేను వెళ్తాను, నడిమివాడికి నా నీడ వెళ్తుంది. ఒకటో తరగతి కిన్నెర, చనిపోయిన తల్లి నీడే కావాలని ఏడిస్తే ఒప్పుకున్నాను.

ఈసారి నా మీటింగు ముందే అయిపోయి, కిన్నెర గదికి వెళ్లాను.

“అమ్మగారు వస్తూనే ఉన్నారుగా, పేరు ముందు కీ.శే. తీసేశామండీ,” అంది టీచరు, చేతిలోని హాజరు పలక చూపిస్తూ.

“చచ్చిపోయినావిడ ఎక్కడికీ రాదమ్మా. మళ్లీ పెట్టండి.”

“పెడితే ఆవిడ నీడ రాకూడదు సార్. రూలు.”

పలక లాక్కుని ఆ రెండక్షరాలూ నేనే వేలితో రాశాను. కిన్నెర గీసిన బొమ్మను మెచ్చుకుంటున్న నీడ మాట మధ్యలో మాయమైంది.

“అమ్మ పోయినప్పుడు కూడా నువ్వే రాశావా నాన్నా?” అంది కిన్నెర.

అవును, నేనే రాశాను.