మిగిలిన నాలుగు కిలోలు

“తప్పించకపోతే మన ఉపగ్రహం ఆ చచ్చిన ఉపగ్రహాన్ని గుద్దేస్తుంది. తప్పిస్తే, పనైపోయాక కిందికి దించి కాల్చేయడానికి ఇంధనం మిగలదు సార్,” అంది ఇంజనీరు. ఆ నాలుగు కిలోల ఇంధనం కోసం డిజైన్ మీటింగుల్లో ఆమె మూడేళ్ళు పోట్లాడింది.

“తప్పించెయ్,” అన్నాడు చీఫ్, తెర మీంచి చూపు తిప్పకుండా.

“ఏ బుద్ధిలేనివాడు చేశాడో ఆ చచ్చినదాన్ని! పైకి పంపినవాడికి దించాలన్న ఇంగితం ఉండక్కర్లేదా?” అందామె.

“దాన్ని దించడానికీ ఇంధనం పెట్టామమ్మా. బరువెక్కువైందని ఆఖర్లో నేనే తీయించాను.”

ఆమె మీట నొక్కింది. తెర మీద రెండు చుక్కలూ ఒకదాన్నొకటి దాటుకుపోయాయి.

“గండం గడిచింది,” అన్నాడాయన.

“మనకి గడిచింది సార్. రేపు మనదానికి ఎదురుపడేవాళ్ళు నన్నూ ఇలాగే తిడతారు.”