కూపన్ల పిన్ని

"ఆ నూనె కూపన్ జోలికి వెళ్ళకమ్మా. లీటరు సీసాలు నాలుగు కొంటేనే అది పనికొస్తుంది. పక్కనున్న అయిదు లీటర్ల డబ్బా కూపన్ లేకుండానే అంతకంటే చవక."

ఆ మాట విన్నావిడ నాలుగు సీసాలూ తిరిగి అరలో పెట్టేసి, డబ్బా ఎత్తి బండిలో వేసుకుంది.

అరల వెనక నిలబడి వింటున్న సూపర్‌మార్కెట్ మేనేజర్‌కి అరికాలి మంట నెత్తికెక్కింది.

మూడు వారాలుగా ఇదే వరస. ప్రతి గురువారం, కొత్త కూపన్లు వచ్చే రోజునే, నెరిసిన జుట్టు ముడేసుకుని, కళ్ళజోడు మెడలో వేలాడేసుకుని దిగుతుందీవిడ. తను కొనేది ఒక రొట్టె, ఒక పాల పాకెట్టు. మిగతా పొద్దంతా వచ్చేపోయేవాళ్ళ చేతుల్లోని కూపన్లు తీసుకుని ఏది వాడాలో, ఏది చింపి పారెయ్యాలో చెబుతుంది. జనం అప్పుడే కూపన్ల పిన్ని అని పేరు కూడా పెట్టేశారు. బిల్లు కౌంటర్లో అమ్మాయిలు సైతం తమ ఇంటికి సరుకులు కొనేముందు ఆవిణ్ణే అడుగుతున్నారట.

ఈ ఉదయమే హెడ్డాఫీసు నుంచి పెద్దసారు ఫోన్లో దులిపేశాడు. "కూపన్ సరుకు సగం కూడా కదల్లేదు. నీ చేత కాకపోతే చెప్పు, చేతనైనవాణ్ణి చూసుకుంటాం."

ఇక ఆగలేక మేనేజర్ ముందుకొచ్చాడు.

"ఏమమ్మా, ఇది మీ ఇల్లనుకున్నారా?"

"కాదు బాబూ, దుకాణం. ఇక్కడ కొనేవాళ్ళు మాట్లాడుకోకూడదని బోర్డేమైనా పెట్టారా?"

"ఎదురు షాపువాళ్ళు ఎంతిస్తున్నారు మీకు?"

ఆవిడ మొహం జేవురించింది. "ఎంతిస్తే ఇంత కోపం వస్తుందనుకుంటున్నావు?"

చుట్టుపక్కలవాళ్ళు బండ్లు ఆపేశారు. ఆవిడ గబగబా సబ్బుపొడి అర దగ్గరికి నడిచింది. రెండు కొంటే ఒకటి ఉచితం అని అక్కడ ఎర్రటి అక్షరాలు. అర అంచున అంటించిన ధర చీటీని గోటితో పట్టి సర్రున లాగింది. దాని కింద ఇంకో చీటీ ఉంది.

"ఇది నిన్నటి ధర. ఇది ఇవాళ్టిది. మూడోదాని ఖరీదు కూడా ఈ రెండిట్లోనే కలిపేశారు. ఇందులో ఉచితమెక్కడుంది?"

"అయితే పిన్నీ, కిందటి నెల ఇదే ఆఫర్ పెట్టినప్పుడు నేను కొన్న మూడూ...?" అంది వెనకనుంచి ఒకావిడ.

"మూడింటికీ డబ్బు కట్టావు తల్లీ."

గుంపులో గోల మొదలైంది. పొద్దున్నే ఆ చీటీ అంటించింది స్వయంగా మేనేజరే.

"గదిలోకి పదండి. పోలీసుల్ని పిలుస్తాను."

"పిలు. వాళ్ళకీ చూపిద్దాం."

గదిలో కుర్చీ చూపించినా ఆవిడ కూర్చోలేదు.

"మేం మీకేం ద్రోహం చేశామమ్మా? ఎందుకింత కక్ష?"

"మా ఇంట్లో పనిచేసే అమ్మాయి కిందటి నెల మీ కూపన్లతో సంచీ నిండా సబ్బుపొడి మోసుకొచ్చింది. తొమ్మిది పాకెట్లు. 'చూడండమ్మగారూ, ఎంత ఆదా చేశానో' అని మురిసిపోయింది. ఆ సాయంత్రమే తన కూతురికి ఫిట్స్ వచ్చాయి. మందు అయిపోయి రెండు రోజులైందట. డబ్బులేం చేశావే అని అరిచాను. మాట్లాడకుండా ఆ సంచీ చూపించింది."

"పాప...?"

"బతికింది. ఎడమ చెయ్యి ఇంకా సరిగ్గా లేవడం లేదు."

మేనేజర్‌కి తన ఉద్యోగం గుర్తొచ్చింది. "జనానికి ఆశ ఎక్కువైతే మేమేం చేస్తాం?" అన్నాడు, అటు చూస్తూ.

"ఆశా?" బల్ల మీద అరచేత్తో చరిచింది. "నాలుగు డబ్బులు మిగుల్చుకుందామన్న తాపత్రయం అది! లేనివాళ్ళకి ఉండేదే అదొక్కటి. దానికే గాలం వేసింది మీ కూపన్ కాగితం!"

అతను పెద్దసారుకి ఫోన్ కలిపాడు.

"సార్, జనాన్ని కూపన్లు వాడనివ్వని ముసలావిడ ఒకావిడ నా గదిలో ఉంది. పోలీసులకి అప్పజెప్పమంటారా?"

"అడగాలా? వ్యాపారం చెడగొడుతోందని రాసివ్వు. ఏదీ, స్పీకర్లో పెట్టు... ఏమ్మా, ఎవరనుకుంటున్నావు నువ్వు? ఒక్క రోజు లోపల కూర్చుంటే తిక్క కుదురుతుంది!"

"మీ గొంతు ఏం మారలేదు సార్," అంది ఆవిడ.

అవతల చప్పుడు లేదు. లైను తెగిందేమోనని మేనేజర్ ఫోన్ చేతిలోకి తీసుకుని చూశాడు.

"సార్?"

"ఆవిణ్ణి పంపించెయ్."

"మరి పోలీసులు..."

"చెవుడా నీకు? మర్యాదగా పంపించెయ్యమన్నాను. ఆవిడతో ఒక్క మాట కూడా మాట్లాడకు."

ఫోన్ కట్టయిపోయింది. తొమ్మిదేళ్ళ సర్వీసులో పెద్దసారు గొంతు అలా తడబడటం అతను ఎన్నడూ వినలేదు. లేచి నిలబడ్డాడు.

"మీరు ఆయనకి బంధువులా అమ్మా?"

"కాదు."

"మరి మా కూపన్ల గుట్టంతా మీకెలా తెలుసు?"

ఆవిడ తలుపు తీయబోయి ఆగింది. అంతసేపూ నిప్పులు కురిసిన కళ్ళు మొదటిసారి నేలకి వాలాయి.

"పదకొండేళ్ళు మీ హెడ్డాఫీసులో వాటిని రాసింది నేనే."