ఆఖరి టోకెను

రిటైరైన లెక్కల మాస్టారు లైబ్రరీ కౌంటరు మీద టోకెను విసిరినంత పని చేశారు.

“ఆ కొత్త పుస్తకం ఉన్నది ఒక్క కాపీ. వరసలో నా నంబరు ముప్ఫై తొమ్మిదా! ఇన్ని టోకెన్లెందుకు ఇచ్చావమ్మా?”

“అందరూ ఆశగా అడిగారు మాస్టారూ. కాదనలేకపోయాను,” అంది లైబ్రేరియన్.

“అడిగినవాళ్ళకల్లా ఇచ్చుకుంటూ పోతే వీటికి విలువేముంటుంది? చిత్తుకాగితాలు!”

“నోట్లు అచ్చేసే పెద్ద బ్యాంకుని ఆ పుస్తకంలో రచయిత తిట్టింది కూడా, ఇలా అడిగినవాళ్ళకల్లా నోట్లిస్తోందనేనటగా?”

“మరే! కడిగిపారేశాడట. కాదనే దమ్ముండాలి.”

“సరే, ఇక ఒక్కటి కూడా ఇవ్వను.” టోకెన్ల కట్టని సొరుగులో పెట్టేసిందామె.

మాస్టారు కదల్లేదు. కళ్ళజోడు తీసి తుడుచుకున్నారు.

“మా అల్లుడు కూడా అడిగాడమ్మా. అతనికొక్కటిచ్చి ఆపెయ్యి.”

ఆమె మళ్ళీ సొరుగు తెరిచింది.

టోకెను అందుకుంటూ మాస్టారు గొంతు తగ్గించారు. “పాపం, ఆ బ్యాంకువాళ్ళ దగ్గరికీ నాలాంటి మామగార్లే వస్తారేమోనమ్మా!”