ఇద్దరి గదిలో తాంబూలాలు

శేషాద్రి కన్నుగప్పి చీమ కూడా గదిలోకి దూరలేదని బ్రిస్బేన్ చుట్టుపక్కల తెలుగువాళ్ళంతా ఒప్పుకుంటారు. అంతటి మనిషి, కూతురు సాహిత్య తాంబూలాల కోసం ఏకంగా ఒక కాసినో హోటలునే బురిడీ కొట్టించాలని పథకం వేశాడు.

హోటలు సముద్రం ఒడ్డున ఉంది. కింద జూదం, పైన గదులు. మరీ ఖరీదైంది కాదు, మరీ నాసిరకమూ కాదు. కిటికీ అంచున కూర్చుని మెడ సాచితే అలలు కనబడతాయి. గదికి ఇద్దరే, బయటివాళ్ళు పైకి రాకూడదని వాళ్ళ నిబంధన. హాలు తీసుకుంటే ఖర్చని శేషాద్రి ఇద్దరి గది ఒకటి తీసుకుని, రెండు వైపుల చుట్టాలనూ అందులోకే ఎక్కించే పని పెట్టుకున్నాడు.

గది తాళం కార్డు ఆనిస్తేనే లిఫ్టు కదులుతుంది. కార్డు తన దగ్గర ఉండాలి గనక, ముందుగా పైకి వెళ్ళి గది తలుపు సందులో ఇంటి నుంచి తెచ్చిన హవాయి చెప్పు ఇరికించి వచ్చాడు. తర్వాత పులిహోర డేగిసాతో, నగల సంచితో భార్య ఆండాళ్‌ను పై అంతస్తులో దించి, చెప్పు అడ్డం పెట్టిన తలుపే మనదని చెప్పి, అదే లిఫ్టులో దిగిపోయాడు. మిగతావాళ్ళను ఇద్దరిద్దరిగా తోలాడు. కాబోయే వియ్యంకుడు, పెళ్ళికొడుకు కౌశల్ తండ్రి హేమచంద్ర మెల్‌బోర్న్ మనిషి, మర్యాదల్లో మహా పట్టింపు. ఆయనకు మాత్రం లిఫ్టు పాతది, బరువాగదని చెప్పాడు. దొంగచాటు వ్యవహారమని తెలిస్తే సంబంధం తెల్లారినట్టే.

చివరి విడతతో తనూ పైకొచ్చి, మనవాళ్ళ మాటలు వినబడ్డ గదిలోకి దూరి చూస్తే అందరి చేతుల్లోనూ పళ్ళేలు ఉన్నాయి. మంచం మధ్యన ఒక పెద్దాయన మఠం వేసుక్కూర్చుని పులిహోర తింటున్నాడు. ఆయన్ని శేషాద్రి ఎక్కించలేదు. ఇందాక చీమ అన్నాను కదా, ఆ మాట వెనక్కి తీసుకుంటున్నాను.

ఎవరీయన అని భార్య చెవిలో గొణిగాడు. మగపెళ్ళివారి మనిషే అయ్యుంటారు, బాత్‌రూములోంచి తల తుడుచుకుంటూ వస్తే తనే పళ్ళెం చేతికిచ్చానంది ఆండాళ్.

మగపెళ్ళివారి పెద్దను పట్టుకుని నువ్వెవరని అడిగితే పెళ్ళి పెటాకులవుతుంది. శేషాద్రి డొంకతిరుగుడుగా మొదలుపెట్టాడు.

"కౌశల్ మీ చేతుల్లోనే పెరిగాడేమో అంకుల్?"

"పిల్లలెవరైనా ఎవరో ఒకరి చేతుల్లోనే కదా నాయనా పెరిగేది. ఇంకొంచెం వడ్డించమను. అడుగున వేరుశనగపప్పు ఎక్కువుంటుంది."

ఒక్కరే వచ్చారా అంటే, మావాడు కింద ఉన్నాడులే అన్నాడు. ఇది దొంగల ముఠాయేనని శేషాద్రి లెక్కగట్టాడు. కింద ఒకడు కాపలా, పైన ఒకడు పని.

అంతలో పెద్దాయన కంటికి మంచం మీది హారం కనబడింది. సాహిత్య మెడలో వేయాల్సిన హారం అది. బంగారం అలా పడేస్తారా తల్లీ అంటూ ఆయన చెయ్యి కడుక్కొచ్చి, బీరువా తెరిచి, లోపలున్న హోటలువాళ్ళ ఇనుప లాకరు మీద టకటకా మీటలు నొక్కాడు. అది నోరు తెరిచింది. అందులో అప్పటికే ఎవరివో ఒక వాచీ, ఒక పర్సు ఉన్నాయి. పెద్దాయన చెప్పాడు కదా అని ఆండాళ్ హారం అందులో పెట్టింది. ఆయన లాకరు మూసేసి రెండో విడతకు కూర్చున్నాడు.

శేషాద్రి వియ్యంకుణ్ణి కిటికీ దగ్గరికి లాక్కెళ్ళాడు. "బావగారూ, తప్పుగా అనుకోకండి. ఆ పెద్దాయన మీకేమవుతారు?"

"మాకా? మీ పెదనాన్నగారనుకుని కాళ్ళకు దణ్ణం కూడా పెట్టానండీ."

"ఏమని దీవించాడు?"

"పులిహోర బాగుందన్నాడు."

హోటలువాళ్ళను పిలిస్తే తను ఎక్కించిన జనమంతా బయటపడతారు. పిలవకపోతే హారం దక్కదు. శేషాద్రి కూతురి బోసి మెడ వంక చూశాడు. పరువు పోతే పోయిందనుకుని, తలుపు సందులోని చెప్పును కాలితో లాగేసి, వియ్యంకుణ్ణి అక్కడ కాపలా పెట్టి, మంచం పక్కనున్న ఫోనెత్తాడు. గదిలో దొంగ ఉన్నాడు, వెంటనే మనిషిని పంపమని ఇంగ్లీషులో చెప్పాడు.

అవతలి అమ్మాయి ఎంతో మర్యాదగా, కంగారు పడకండి వీరరాఘవయ్యగారూ అంది. తన పేరు శేషాద్రి అని ఇతను సరిచేశాడు. ఆ అమ్మాయి, శేషాద్రిగారి గది ఎదురు వరసలో ఉందనీ, ఈ ఫోను వీరరాఘవయ్యగారి గది నుంచి వస్తోందనీ చెప్పి, ఇంతకీ ఆ దొంగ చూడడానికి ఎలా ఉన్నాడో చెప్పమంది.

తలుపు దగ్గరున్న హేమచంద్ర బయటికి తొంగిచూసి, ఎదురు తలుపుకు కూడా చెప్పు అడ్డం పెట్టి ఉందే అన్నాడు.

పెద్దాయన వేలితో తన రొమ్ము చూపించుకుని, "వీరరాఘవయ్యను నేనే నాయనా. ఉన్న ఒక్క కార్డూ మా అబ్బాయి పట్టుకెళ్ళాడని నేనూ తలుపుకు చెప్పు అడ్డం పెట్టాను. మీరు వాడి స్నేహితులేమో అనుకున్నాను. ఆ ఫోను పెట్టేసి నిదానంగా తినండి," అన్నాడు.

ఈ చివరి మాటలొక్కటే నేను కల్పించినవి. అప్పుడు నోటినిండా పులిహోర ఉండడంతో వేలు చూపించి ఊరుకున్నాను.