ఎండకు పొంగే టైర్లు

"ఎక్కడైనా బిగించుకో, నా సీటు కింద మాత్రం వద్దు," అంది బెవన్ భార్య నోలీన్, టీ కప్పు బానెట్ మీద పెడుతూ.

కొత్త కంప్రెసర్ అట్టపెట్టెను చంకన పెట్టుకుని బెవన్ షెడ్డులో బండి చుట్టూ మూడోసారి తిరుగుతున్నాడు. శనివారం ఎడారి యాత్రల క్లబ్బువాళ్లు బండ్లు పరీక్ష చేస్తారు. ఆస్ట్రేలియా నడిమధ్య సింప్సన్ ఎడారి దాటాలంటే ఈ ఏడాది నుంచి ప్రతి బండికీ గాలి కొట్టే కంప్రెసర్ బిగించి ఉండాలట. లేకపోతే ఉన్న ఊరు పోర్ట్ అగస్టాలోనే ఆగిపోవాలి. డెబ్బై రెండేళ్ల బెవన్‌కి ఇది తలవంపుగా ఉంది. ఎందుకంటే ఈనాటికీ అతను తండ్రి ఇచ్చిన ఇత్తడి పంపుతో, చేత్తోనే గాలి కొడతాడు.

ఇసుక దిబ్బలెక్కే ముందు టైర్లలో సగం గాలి తీసెయ్యాలి. దిబ్బలు దాటాక, గట్టి రోడ్డెక్కే ముందు మళ్లీ నింపాలి. చేతిపంపుతో అయితే ముప్పై ఏళ్ల మగాళ్లు కూడా టైరుకి మూడు వందల దెబ్బలు కొట్టి చతికిలబడతారు. బెవన్‌కి నలభై చాలు. క్లబ్బులో అతని పేరే నలభై దెబ్బల బెవన్. దానికో కిటుకు ఉంది. అడిగినవాడికీ అడగనివాడికీ చెబుతాడు.

"దిబ్బ దిగంగానే పంపు పట్టుకోకూడదోయ్! కట్టెలేరుకొచ్చి, మంటేసి, టీ కాచుకో. ఈలోగా ఎండకి టైర్లో గాలి దానంతటదే పొంగుతుంది. మిగిలిందే మనం కొట్టాలి."

మూడేళ్ల కిందట, గుండె ఆపరేషన్ అయిన ఏడాది కనిపెట్టాడు ఆ కిటుకు. ఇప్పుడీ కంప్రెసర్ వచ్చి పడితే కిటుకూ పోతుంది, పేరూ పోతుంది. అయినా ఎడారి దాటకుండా ఇంట్లో కూర్చోవడంకంటే అదే నయం.

"బానెట్ కింద రెండో బ్యాటరీ తిష్ఠ వేసింది," అన్నాడు బెవన్. "వెనకాల పెడితే దుమ్ము తిని చస్తుంది. బండి అడుగున పెడితే వాగు దాటేటప్పుడు మునుగుతుంది. నీ సీటు కింద దుమ్ము లేదు, తడి లేదు. తలుపు తీసి గొట్టం లాగితే నాలుగు టైర్లకీ అందుతుంది."

"నా అల్లిక సంచి ఎక్కడ పెట్టుకోను?"

"ఒళ్లో పెట్టుకో."

"దాని రొదకి నా నడుం అదిరిపోతుంది."

"ఎడారి గతుకులకి అదరని నడుం దీనికి అదురుతుందా? ఫ్రిజ్‌లో మాంసం పాడైపోతుందని, ఆగిన చోటల్లా ఇంజను నడిపి నా డీజిల్ తగలేస్తావే, ఆ రొద బాగుందా?"

"అది వేరు."

నోలీన్ పట్టిన కుందేలుకి మూడే కాళ్లు. బెవన్ తీర్పు కోసం కీత్‌కి ఫోన్ చేశాడు. కీత్ బండ్లకి వైరింగు చేసే మనిషి, క్లబ్బులో బండ్లు పరీక్ష చేసేదీ అతనే. పది నిమిషాల్లో వచ్చాడు.

"ఒరేయ్ కీత్, నువ్వే చెప్పు. ఆవిడ సీటు కిందే కదా సరైన చోటు?"

కీత్ నోలీన్ వైపు చూశాడు. తల గోక్కున్నాడు. "వెనకాలే పెట్టుకో."

"క్లబ్బులో తొమ్మిది బండ్లకి సీటు కిందే బిగించావు కదరా!"

"నీ బండి వేరు."

"ఏం వేరు?"

"పాతది," అని కీత్ టీ గటగటా తాగేసి వెళ్లిపోయాడు. నోట్లో నువ్వుగింజ నానని మనిషి, కూర్చుంటే రెండు గంటలు లేవనివాడు, అంత పొదుపుగా మాట్లాడటం బెవన్‌కి నచ్చలేదు. పాత బండి అన్నది అసలే నచ్చలేదు.

గురువారం నోలీన్ పచ్చిక బయలుకి బంతులాటకు వెళ్లింది. బెవన్ అల్లిక సంచి తీసి పక్కన పెట్టి, నాలుగు బోల్టులూ విప్పి, సీటు పైకెత్తాడు.

చాలాసేపు అలా చూస్తూ నిలబడ్డాడు. తరవాత సీటు దించి, బకెట్టు బోర్లించి కూర్చున్నాడు. ముందు చెవులు ఎర్రబడ్డాయి. ఇత్తడి పంపు చేతిలోకి తీసుకుని అటూ ఇటూ తిప్పాడు. ఉన్నట్టుండి షెడ్డు అదిరేలా నవ్వాడు.

నాలుగు బోల్టులూ మళ్లీ బిగించాడు. ఆకుపచ్చ ఊలు పైకి కనబడేలా అల్లిక సంచిని ఎలా ఉన్నదాన్ని అలా సర్దాడు. కొత్త కంప్రెసర్ పెట్టె పట్టుకుని బజారుకు వెళ్లాడు.

సాయంత్రం నోలీన్ బంగాళాదుంపలు చెక్కుతూ అడిగింది. "పెట్టె కనబడదేం?"

"కొట్లో వెనక్కిచ్చేశాను."

"మరి శనివారం పరీక్ష?"

"చేసేది కీతే కదా. మన బండి సంగతి వాడికి తెలియందేముంది?"

నోలీన్ చేతిలో కత్తి ఆగింది. "సీటు కింద పెడతానని అంత గొడవ చేశావు?"

"నువ్వన్నదే నిజం. అక్కడ చోటు లేదు."

ఆమె అతని ముఖంలోకి చూసింది. అతను కెటిల్లో నీళ్లు పడుతున్నాడు.

"ఈసారి కూడా నన్ను కట్టెలకి తోలతావు కదా?" అన్నాడు వెనక్కి తిరక్కుండానే.

"తోలనా మరి? కట్టెలు నేను తేవాలా?"

"కాస్త దూరమే వెళ్తాలే. టైర్లు నిదానంగా పొంగాలి కదా."

నోలీన్ ఇంకో దుంప తీసుకుంది గానీ చెక్కడం మరిచిపోయింది. బెవన్ టీ కలిపి మొదటి కప్పు ఆమె ముందు పెట్టాడు. పెళ్లైన నలభై ఆరేళ్లలో అంత సంతోషంగా ఎప్పుడున్నాడో అతనికి గుర్తులేదు.

నోలీన్ సీటు కింద మూడేళ్లుగా ఒక కంప్రెసర్ ఉంది.