గరాజ్ పక్కన ప్లగ్గు

వైరు పైపులో సగం దూరం వచ్చి మొరాయించింది.

ఈ చివర రోలండ్ లాగుతున్నాడు. ఆ చివర అతని భార్య నోరీన్ నెడుతోంది.

"నెడుతున్నావా, ఊరికే పట్టుకుని నిలబడ్డావా?"

"నువ్వొచ్చి నెట్టు, నేను లాగుతా. అప్పుడు తెలుస్తుంది."

వచ్చే నెల వాళ్ల ఆర్‌వీ వస్తోంది. పడకా వంటిల్లూ అన్నీ ఉన్న పెద్ద బండి. ఇంటి దగ్గర నిలిపినప్పుడు కూడా అందులో ఫ్రిజ్జూ హీటరూ నడవాలి కదా. అందుకని గరాజ్ పక్కన దానికి వేరే కరెంటు లైను వేసుకుంటున్నాడు రోలండ్. పర్మిట్ తెచ్చుకున్నాడు, కాలువ తవ్వాడు, పైపు పరిచాడు. ఇక వైరు లాగితే అయిపోయినట్టే.

రోడ్డు మీద ఎవరో ఆగారు.

"ఓ చెయ్యి వెయ్యమంటారా?"

అరవై దాటిన మనిషి. సన్నగా ఉన్నాడు.

"నా పేరు ఎమ్మెట్. ఎదుటి స్థలం నాదే."

ఎదుటి స్థలంలో ఇల్లు లేదు. ఇటుకల పొగగొట్టం ఒక్కటే నిలబడి ఉంది. దాని పక్కన అతను ఉంటున్న పాత ట్రైలర్, చక్రాల మీది చిన్న గది.

సెప్టెంబర్లో అడవికి అంటుకున్న మంట కొండవాలు మొత్తం తినేసింది. ఈ మలుపులో రోలండ్ ఇల్లు ఒక్కటే మిగిలింది. వాళ్లు అది కొనుక్కుని వచ్చింది ఆ వేసవిలోనే. ఇరుగుపొరుగు మొహాలు తెలిసేలోపే, ఊరు ఖాళీ చెయ్యమంటే కారెక్కి వెళ్లిపోయారు.

ఎమ్మెట్ నోరీన్ చేతిలోంచి వైరు అందుకున్నాడు. అతను నెట్టాడు, రోలండ్ లాగాడు. వైరు జారుకుంటూ వచ్చేసింది.

నోరీన్ కాఫీ తెచ్చింది.

"మీ ఇల్లు బాగా నిలబడింది," అన్నాడు ఎమ్మెట్, ఇంటి పైకప్పు కేసి చూస్తూ.

"కట్టడంలో ఉంటుందండీ. రేకు కప్పు, సిమెంటు పలకల గోడలు. అన్నీ చూసుకునే కొన్నాను. చెక్క ఇళ్లు కట్టుకుంటే కాలక ఏమవుతాయి?"

నోరీన్ రోలండ్ కాలు తొక్కింది.

ఎమ్మెట్ కాఫీ ఊదుకున్నాడు.

"నిజమే. మాది చెక్కదే."

కరెంటు పని తనిఖీ చేసే ఇన్‌స్పెక్టర్ వచ్చి చూసి సరేనన్నాడు. లైనుకి కరెంటు వచ్చింది.

మర్నాడు సాయంత్రం ఎమ్మెట్ తలుపు తట్టాడు.

"మీ బండి వచ్చేదాకా నా ట్రైలర్ ఇక్కడ నిలుపుకోనా? నాకు కరెంటు స్తంభం జనవరికి గానీ వెయ్యరట. జనరేటర్ నడిచినంతసేపు నడుస్తోంది, ఆగిందంటే చలికి వేళ్లు కొంకర్లు పోతున్నాయి. బిల్లు నేనే కట్టుకుంటా."

రోలండ్ తలుపు గడియ మీంచి చెయ్యి తియ్యలేదు.

"ఇవ్వకూడదని కాదండీ. ఇన్సూరెన్స్ వాళ్లు ఒప్పుకోరు. అదీగాక ఒకళ్లకి ఇస్తే..."

దిగువన మరో మూడు నాలుగు ట్రైలర్లు కనిపిస్తున్నాయి. ఎమ్మెట్ కూడా అటు చూశాడు.

"అర్థమైంది. ఏమీ అనుకోకండి."

రెండు మెట్లు దిగి ఆగాడు.

"లైను మాత్రం శుభ్రంగా వేశారు."

తలుపు పడ్డాక నోరీన్ అడిగింది.

"ఇన్సూరెన్స్ వాళ్లని ఎప్పుడడిగావు?"

"అడగడమెందుకు? తెలిసిందే."

"పాపం, పెద్దాయన."

"ఈ వీధిలో పాపం కానివాళ్లెవరో చెప్పు."

నోరీన్ కిటికీ తెర తీసి ఎదుటి స్థలం కేసి చూసింది. కాసేపు కిటికీ దగ్గరే నిలబడింది.

ఆ వారం మంచు పడింది. తెల్లారి చూస్తే ఎదుటి స్థలంలో ట్రైలర్ లేదు. అది నిలిపిన చోట మాత్రం నేల నల్లగా కనిపిస్తోంది. ఆ తర్వాత అక్కడ అమ్మకం బోర్డు వెలిసింది.

ఆర్‌వీ వచ్చింది. రోలండ్ ప్లగ్గు పెట్టాడు. బండిలో దీపాలన్నీ ఒక్కసారిగా వెలిగాయి. అతనికి సంతోషమైంది.

శనివారంనాడు ఫైర్ కెప్టెన్ రమోనా వీధిలోకి వచ్చింది. ఊళ్లో మిగిలిన ఇళ్లకి వెళ్లి, చుట్టూ ఎండిన పొదలు కొట్టించమని చెబుతోంది. రోలండ్ దగ్గర ఆగి, ఎదుటి బోర్డు చూసింది.

"ఎమ్మెట్ ఏడీ?"

"వెళ్లిపోయాడు. ఒరెగాన్‌లో చెల్లెలుందట, అక్కడికని పోస్టతను అన్నాడు."

"అయ్యో. ఇక్కడే మళ్లీ కట్టుకుంటానన్నాడే. మీకేం చెప్పలేదా?"

"మాకెందుకు చెబుతాడండీ? పెద్దగా పరిచయం లేదు."

పరాచికమేమోనని రమోనా అతని మొహంలోకి చూసింది. కాదని తెలిశాక ఎదుటి పొగగొట్టం కేసి తిరిగింది.

"మంటలొచ్చిన రోజు మీ ఇంటి కప్పు మీద నిలబడి నిప్పురవ్వలు ఆర్పుతుంటే, దిగిపొమ్మని మేమంతా కింద నుంచి అరిచాం," అంది మెల్లగా, "'నాది ఎలాగూ అంటుకుంది, ఇదొక్కటైనా ఉండనివ్వండి' అన్నాడు ఎమ్మెట్."