సోమలింగం చూపించిన జలపాతం

"చెయ్యి లోపలికి తియ్యి. ఎన్నడన్న జీపెక్కిన మొఖమా నీది?"

ఎల్లవ్వ కమ్మీ మీది నుంచి చెయ్యి తీసి ఒళ్లో పెట్టుకుంది. వఘయి బస్టాండు దగ్గర ఎక్కిన ఆ జీపులో పదిమంది ఉన్నారు. ఎవరికీ తెలుగు రాదన్న ధీమాతో సోమలింగం గొంతు తగ్గించలేదు.

"సంకల ఆ మూట ఏంది? ఈడ కాపురం పెడ్తవా?"

"ఒక చీర, తువ్వాల. తడుస్తమేమోనని."

"తడుస్తదట! పెద్ద సముద్రంల దునుకపోతున్నట్టు."

ముప్పై ఏళ్లుగా సూరత్‌లో మరమగ్గాల మీద పనిచేస్తున్న సోమలింగం భార్యను బయటికి తీసుకురావడం ఇదే మొదటిసారి. పక్కనే ఉన్న డుమస్ సముద్రపు ఒడ్డుకు కూడా తీసుకుపోలేదు. ఉప్పు నీళ్లు, బురద, వాటికోసం ఆటో కిరాయి దండుగ అనేవాడు. మొన్న అమ్రోలి నుంచి కూతురు సంధ్యారాణి ఫోన్ చేసి నిలదీసింది. "అమ్మను ఎన్నడన్న ఓ జాగకు తీస్కపోయినవా బాపూ? ఉన్ బస్తీల ఆ ఒక్క అర్రలనే ముసల్దైపాయె." పక్కన అల్లుడు వింటున్నాడు. అది గుచ్చుకుంది సోమలింగానికి. లూమ్ బంద్ ఉన్న రోజు చూసి, తెల్లవారక ముందే గదికి తాళమేసి, డాంగ్ జిల్లా బస్సెక్కించాడు.

పొద్దున వఘయిలో మొక్కల తోట చూసినప్పుడూ ఇదే వరస. "చెట్లు చూసుటానికి టికెట్టా? మనూళ్లె మ్యాకలు గూడ ఇసొంటియి ముట్టవు" అన్నాడు. వెదురు పొదల దగ్గర ఆమె కాసేపు నిలబడితే, "బొంగులు ఎన్నడు చూడలేదా?" అని ముందుకు తోశాడు.

జీపు దిగాక దారి రెండుగా చీలింది. సోమలింగం కుడివైపు నడిచాడు. ఎల్లవ్వ ఆగింది.

"జనమంత ఎడమదిక్కు పోతున్నరు..."

"నీకేం ఎరుక? గల్లీల ఆడోళ్లతోని కూసోని చీరల దారాలు కత్తిరిచ్చుడు తప్ప, ఏం చూసినవ్ లోకంల? నా ఎనక రా."

ఆమె వెనకే వెళ్లింది. దారి ఎవరిదో పశువుల కొట్టం ముందు ఆగిపోయింది. కుక్క మొరుగుతూ మీదికొచ్చింది. వెనక్కి పరుగులాంటి నడక నడిచి రొప్పుతూ అన్నాడతను.

"నువ్వు నడుమ మాట్లాడవట్కె దారి తప్పింది."

"అవును" అంది ఎల్లవ్వ.

నిజానికి ఆమె ఈ జలపాతం గురించి అతన్ని అడిగింది ఒకేసారి. పెళ్లయిన ఏడాది. షెడ్డుకు టిఫిన్ డబ్బా తీసుకుపోయినప్పుడు గోడమీద క్యాలెండర్‌లో బొమ్మ కనిపించింది. కొండ అంచు పొడవునా తెల్లగా విరిగి పడుతున్న నీళ్లు. "మన దగ్గర్నేనట. ఒకపారి పోదామా?" అంది. సోమలింగం పక్కనున్న నలుగురు పనివాళ్ల వైపు చూసి, "పోదాం తియ్యి. మీ అయ్యను పిలువు, నా లూమ్ నడుపుతడు" అన్నాడు. అందరూ నవ్వారు. ఆమె డబ్బా అక్కడే పెట్టి తలొంచుకుని వచ్చేసింది. మళ్లీ ఎన్నడూ అడగలేదు. అతను మాత్రం ఆ ఒక్క మాటనే ముప్పై ఏళ్ల సతాయింపుగా ఊరందరికీ చెప్పుకున్నాడు.

రాళ్ల దగ్గరికి చేరేసరికి నీటి తుంపర మొహాలకు కొట్టింది. అంబికా నది నిండుగా దూకుతోంది. కూతురి పెళ్లికి కొన్న తోలుబూట్లు వేసుకున్న సోమలింగం రెండడుగులకే జారి చతికిలబడ్డాడు. రబ్బరు చెప్పుల ఎల్లవ్వ చెయ్యందించింది. లేచి, ఆ చెయ్యి విదిలించుకున్నాడు.

"గింతేనా? మా షెడ్డుల లూములన్ని ఒక్కపారి నడిస్తే దీనికన్న ఎక్కువ చప్పుడు. గీ నీళ్లకోసం నా పానం తింటివి! సరే, మంచిగ చూడు. మల్ల తీస్కరాను."

ఆమె చూస్తూ నిలబడింది.

"ఏందట్ల మొద్దులెక్క? జర సంబరపడు. నీకోసమే గద ఒకరోజు ఖరాబు చేసుకున్న."

ఎల్లవ్వ కళ్లు పెద్దవి చేసింది. "అబ్బ! ఎంత పెద్దగున్నదో!"

సోమలింగానికి తృప్తి కలిగింది. తువ్వాలతో తల తుడుచుకుంటూ పైకెక్కి, సిగ్నల్ దొరకగానే కూతురికి ఫోన్ కలిపి ఆమె చేతికిచ్చాడు. "చెప్పు. ఎవరు చూపెట్టిన్రో చెప్పు."

"మీ బాపు చూపెట్టిండు బిడ్డా."

అటువైపు నుంచి సంధ్యారాణి అంది. "ఇన్నేండ్లకన్న నీ కోరిక తీరింది గదనే అమ్మా. నాకు ఏడుపస్తున్నది."

కూతురి ఏడుపు ఎల్లవ్వకు కష్టంగా తోచింది. "ఏడ్వకు బిడ్డా, నేను మంచిగనే ఉన్న" అని ఫోన్ తిరిగి ఇచ్చేసింది.

"చూసినవా, ఎంత ఖుషీ అయ్యిందో! ఇగ ఈ జన్మల యాడికి అడగొద్దు" అన్నాడు సోమలింగం.

"అడగను" అంది.

రోడ్డు పక్కన గుడారం కింద ఒక డాంగీ ఆడమనిషి నిప్పుల మీద మక్కకంకులు కాలుస్తోంది. సోమలింగం ఆమె మసి చేతుల వైపు చూసి మొహం చిట్లించాడు. "నాకొద్దు. నువ్వు తింటే తిను. నేను జీపు మాట్లాడొస్త. ఈడికెల్లి కదిలేవు, తప్పిపోతవు. నీకు ఏ దిక్కు ఏదో తెల్వది."

తడి బూట్లు కిర్రుకిర్రుమనగా మలుపు వైపు నడిచిపోయాడు. అతని వీపు కనబడకుండా పోయేదాకా ఆగి, కంకి తిప్పుతున్న ఆమె ఎల్లవ్వ వైపు వంగి హిందీలో మెల్లగా అడిగింది.

"ఏటా నీ దోస్తులతో వచ్చేదానివి, ఈసారి ఈయన్ని తెచ్చావేంటక్కా?"